రాజును కాదని.. రాముడికి!

మాది పెద్దవంగర. బైక్ తీస్తే గంటలోపే బమ్మెర. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేం మహబూబాబాద్‌లో పడ్డాం, బమ్మెర, పాలకుర్తి జనగామకు వెళ్లాయి. ఎమ్మెల్యే మాత్రం అందరికీ ఒక్కరే, పాలకుర్తి నియోజకవర్గం కదా! కాబట్టి పోతన మావాడు అని చెప్పుకోవడానికి జిల్లా బోర్డు మాకేం అడ్డు కాదు. కడప వైపు ఒంటిమిట్ట వాళ్లు కూడా ఆయన మావాడే అంటారు. ఆ పంచాయితీ ఇక్కడొద్దు.

మా ఊళ్లో అందరికీ పోతన పద్యాలు వచ్చని చెబితే అబద్ధమే. కానీ పొలానికి నీళ్లు పెడుతూ గజేంద్రుడి పద్యం ఎత్తుకునే పెద్దాయన ఒకరు మా వాడలో ఇప్పటికీ ఉన్నాడు. చదివింది నాలుగో తరగతి. పద్యాలు మాత్రం ఎన్ని వచ్చో లెక్కలేదు. మా బ్యాచ్‌కేమో పద్యం అంటే ప్రతిపదార్థం, భావం, మార్కులు. ఆ తర్వాత ఎంసెట్, బీటెక్, క్యాంపస్ ప్లేస్‌మెంట్. పోతన మళ్లీ వినపడింది ఎప్పుడంటే 2020లో ‘అల వైకుంఠపురములో’ వచ్చినప్పుడు. ఆ టైటిల్ పోతన పద్యంలోదని మా టీమ్‌లో సగం మందికి తెలీదు.

నాకిప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఈమధ్య ఫోన్‌లోనే భాగవతం చదవడం మొదలుపెట్టాను. టీకా తాత్పర్యాలతో సహా మొత్తం ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంది. మెట్రోలో ఆఫీస్‌కి వెళ్లేలోపు నాలుగు పద్యాలవుతాయి. చదువుతుంటే ముందు భక్తి కలగలేదు, ఒక డౌట్ వచ్చింది. జగన్నాథుడు, లోకేశ్వరుడు, సర్వేశ్వరుడు అని మనం రోజూ అంటుంటాం. అంటే లోకాలన్నిటికీ రాజు అని. ఆ మాటను మనసుతోనే కాదు, బుర్రతో కూడా నమ్మితే మిగతా రాజుల ముందు మనం ఎలా నిలబడాలి?

ఈ ప్రశ్నకు పోతన దగ్గర చాలా సూటి జవాబుంది.

లెక్క వేసి మరీ వద్దన్నాడు

15వ శతాబ్దం. అప్పుడు కావ్యం రాయడమంటే ఇప్పటి స్టార్టప్ లాంటిదే, ఇన్వెస్టర్ కావాలి. రాజుకో, మంత్రికో, డబ్బున్న దొరకో పుస్తకం అంకితమిస్తే ఊళ్లు, ఏనుగులు, గుర్రాలు, బంగారం. శ్రీనాథుడికి విజయనగరంలో ప్రౌఢదేవరాయల కొలువులో బంగారు నాణేలతో కనకాభిషేకమే జరిగింది. పేరు, డబ్బు, రక్షణ.. మూడూ రాజు దగ్గరే. వేరే మార్కెట్ లేదు.

అలాంటి రోజుల్లో పోతన భాగవతం మొదట్లోనే తన నిర్ణయం చెప్పేశాడు. ఈ చిన్న రాజులకు పుస్తకం ఇచ్చి, ఊళ్లూ వాహనాలూ సొమ్మూ తీసుకుని, ఒళ్లు వదిలాక యముడి చేత సుత్తి దెబ్బలు తినే పని నేను చేయను, ఇది శ్రీహరికే ఇస్తున్నానని. నాకు నచ్చింది ఆ పద్యంలోని లెక్క. వచ్చేదేంటి, ఎన్నాళ్లుంటుంది, తర్వాత కట్టాల్సిందేంటి అని మూడు కాలమ్‌లు గీసినట్టే ఉంటుంది. భక్తి అంటే కళ్లు మూసుకుని దూకేయడం అనుకునేవాళ్లు ఈ పద్యం ఒకసారి చూడాలి. ఈయన కళ్లు తెరిచే ఉన్నాడు.

తర్వాత జనం దీనికి చాలా కథలు అల్లుకున్నారు. రాచకొండ సర్వజ్ఞ సింగభూపాలుడు భాగవతం తనకివ్వమన్నాడని, పోతన ఒప్పుకోకపోతే పుస్తకాన్ని నేలలో పాతిపెట్టించాడని, కొన్ని భాగాలు అలా పాడయ్యాయని చెబుతారు. పల్లకీ బోయీలు లేకుండా కదలడం, నాగలి ఎద్దు లేకుండా దున్నడం లాంటివి కూడా ఉన్నాయి. 1943లో కె.వి.రెడ్డి తీసిన ‘భక్త పోతన’లో చిత్తూరు నాగయ్యను చూసినవాళ్లకు పోతన ముఖం అంటే ఆయనదే. కథలు కథలే, చరిత్ర కాదు. ఇంకో సంగతి కూడా దాచకూడదు. అదే సింగభూపాలుడి కోసం కుర్రతనంలో పోతన ‘భోగినీ దండకం’ రాశాడని ఒక మాటుంది. అది ఆయనది కాదనే పండితులూ ఉన్నారు. ఒకవేళ ఆయనదే అయితే నాకైతే గౌరవం ఇంకా పెరుగుతుంది. కొలువు రుచి తెలిసినవాడే వద్దన్నాడన్నమాట.

మొదట్లో ఇంకో సీన్ ఉంది. చంద్రగ్రహణం రాత్రి, గంగ ఒడ్డున, ఇసుక మీద కూర్చుని ధ్యానం చేసుకుంటుంటే సీతతో కలిసి రాముడు కనిపించి భాగవతం తెలుగులో రాయమన్నాడని పోతనే చెప్పుకున్నాడు. ఇంతకీ ఆ టైమ్‌లో ఆయన ఎవరిని ధ్యానం చేస్తున్నాడో తెలుసా? శివుణ్ని! శైవుల ఇల్లు ఆయనది. శివుణ్ని తలుచుకుంటుంటే రాముడు వచ్చి కృష్ణుడి కథ రాయమన్నాడు. పక్కనే పాలకుర్తిలో అంతకు ముందే పాల్కురికి సోమనాథుడు శివుడు తప్ప వేరే దొర లేడని ద్విపదలో గట్టిగా రాసిపెట్టాడు. లోకానికంతా ఒక్కడే రాజనే మాట ఒక్క మండలంలో ఇద్దరు నోళ్ల నుంచి రెండు పేర్లతో వచ్చింది. ఇప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో మా దేవుడు గొప్ప, మీ దేవుడు గొప్ప అని కొట్టుకునేవాళ్లకు మా ఏరియా టూర్ ఒకటి పెట్టాలి.

రాముడే పలికిస్తున్నాడని చెప్పి పోతన చేతులు కట్టుకు కూర్చున్నాడా అంటే, లేదు. భాగవతం పూర్తిగా తెలుసుకోవడం శివుడికి, బ్రహ్మకు కూడా కష్టమే, పెద్దల దగ్గర విన్నంత, నాకు అర్థమైనంత చెబుతానన్నాడు. కొందరికి తెలుగు ఇష్టం, కొందరికి సంస్కృతం ఇష్టం, అందరినీ మెప్పిస్తానని కూడా అన్నాడు. యూజర్లు ఎవరో తెలిసిన మనిషి. సంస్కృతంలో పద్దెనిమిది వేల శ్లోకాలని చెప్పుకునే గ్రంథాన్ని ముందేసుకుని ఏ మాట ఎక్కడ పడాలో చూసుకోవడం బుర్ర పెట్టి చేసే చాకిరీ. అదే ఆయన పూజ.

అన్ని కండిషన్లూ రాసుకున్న రాజు

మా తరం భక్తి రెండు రకాలుగా కనిపిస్తుంది నాకు. ఒకటి, ఇంటర్వ్యూ ముందు రోజు చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు, వీసా వస్తే నూట ఎనిమిది. నేను తప్పుపట్టను, ఆ గుళ్లో తిరిగేవాళ్ల ముఖాల్లో భయం నిజం. రెండోది, అన్నిటికీ ప్రూఫ్ అడిగి, దేవుడి మాటెత్తితే నవ్వి, అప్రైజల్ సీజన్‌లో మేనేజర్ ముందు మాత్రం నూట ఎనిమిది ప్రదక్షిణలు చేసేవాళ్లు. మొదటివాళ్లు బుర్ర ఇంట్లో పెట్టి వస్తారు, రెండోవాళ్లు మనసు. ఇద్దరి విషయంలోనూ అసలు రాజు ఎవరో తేలదు.

ప్రహ్లాదుడి కథ ఏడో స్కంధంలో ఉంది. చిన్నప్పుడు సినిమాలో చూస్తే ఏనుగులు, పాములు, చివర్లో స్తంభం గుర్తుంటాయి. ఇప్పుడు చదివితే హిరణ్యకశిపుడి వరం దగ్గర ఆగిపోయాను. మనిషి చేతిలో కాదు, మృగం చేతిలో కాదు, పగలు కాదు, రాత్రి కాదు, నేల మీద కాదు, ఆకాశంలో కాదు.. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ అంటే అదీ! టెస్టింగ్ టీమ్‌లో వేసుకోవచ్చు ఆయన్ని. అయినా ఎడ్జ్ కేస్ మిగిలిపోయింది. సాయంసంధ్య, సగం మనిషి సగం సింహం, ఒడి. ఎన్ని కండిషన్లు రాసుకున్నా లోకం అంతకన్నా పెద్దదని తెలియనివాడు లోకానికి నేనే రాజునన్నాడు. యజ్ఞాలన్నీ తనకే అన్నాడు. గొడవ అక్కడ మొదలైంది.

కొడుకేమో గుడ్డిగా భక్తి చేసే పిల్లాడు కాదు. చండామార్కుల స్కూల్లో చదివాడు, వాళ్లు చెప్పిన పాఠాలన్నీ అప్పజెప్పాడు. తండ్రి ఒడిలో కూర్చోబెట్టుకుని ఏం నేర్చుకున్నావని అడిగితే తను తేల్చుకున్నది చెప్పాడు. ఎవరి బలం చూసుకుని నాకు ఎదురు తిరుగుతున్నావని గద్దిస్తే, నీ బలం ఎవరిదో నాదీ ఆయనదే అన్నాడు. ఇంకోచోట, లోకాలన్నీ గెలిచావు కానీ నీ ఇంద్రియాల్ని, నీ మనసుని గెలవలేకపోయావని తండ్రికే చెప్పాడు. ఆ పిల్లాడి వయసు ఐదేళ్లని కథ చెబుతుంది. మన స్టాండప్ మీటింగ్‌లో ముప్పైయేళ్లవాళ్లం ఈ మాట అనగలమా?

అన్నవాడు ఒకడున్నాడు. నాకు తెలిసినవాడే.

తొర్రూరు వైపు కుర్రాడు, బీటెక్‌లో నా రూమ్మేట్. నాన్న మిర్చి రైతు. చదువయ్యాక హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో చేరాడు. పేరు చెప్పను. వాళ్లు ఫోన్‌లో అప్పులిచ్చే యాప్ చేస్తున్నారు. వీడికి ఇచ్చిన పని, యాప్ ఇన్‌స్టాల్ కాగానే అప్పు తీసుకునేవాళ్ల కాంటాక్ట్ లిస్ట్ మొత్తం సర్వర్‌కి లాగడం. ఎందుకని అడిగాడు. కట్టకపోతే ఫోన్లు చేయడానికి అన్నారు. ఎవరికి? అందరికీ. అత్తకి, బావకి, పాత టీచరుకి, ఎవరుంటే వాళ్లకి.

అప్పటికి అలాంటి యాప్‌ల సంగతి పేపర్లలో రాలేదు. 2020 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో ఆత్మహత్యలు, పోలీసు కేసులు, అరెస్టులు అయ్యాకే అందరికీ తెలిసింది. యాప్‌లు కాంటాక్టులు, కాల్ లాగ్‌లు, ఫైళ్ల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంక్ మార్గదర్శకాలు వచ్చింది 2022 సెప్టెంబర్‌లో. వీడు అడిగిన రోజుకు అవేవీ లేవు. లీగల్ టీమ్ ఓకే అంది, యూజర్ పర్మిషన్ నొక్కుతున్నాడు కదా అంది.

మావాడు ప్రతి శనివారం హనుమాన్ గుడికి పోతాడు. చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ శనివారం గుడి నుంచి ఫోన్ చేసి అన్న మాట నాకు అలాగే గుర్తుంది.

‘‘అరేయ్, ఇప్పుడు పదకొండు సుట్లు తిరిగిన. సోమవారం పోయి గా కోడ్ రాసిన్ననుకో, గీ సుట్లు ఎవనికి తిరిగినట్టురా?’’

సోమవారం రాయనని చెప్పాడు. ఎందుకో కూడా చెప్పాడు, దేవుడి పేరు ఎత్తకుండా. ఈ డేటా మనకు అప్పు ఇవ్వడానికి అక్కర్లేదు, పరువు తీయడానికే పనికొస్తుంది, రేపు కేసైతే కోడ్ మీద ఉండేది నా పేరు అని. వాళ్లు అరవలేదు, కొట్టలేదు. నెలాఖరుకి వెళ్లిపొమ్మన్నారు. ఆ పని ఇంకొకరు రెండు రోజుల్లో పూర్తి చేశారు.

నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాడు. రూమ్ రెంట్ మేం తలా ఇంత వేసుకున్నాం. వాళ్ల నాన్న శభాష్ అనలేదు, ‘‘గంత సదువు సదివి గిదేం పనిరా’’ అన్నాడు. ఇంటి అప్పు ఉంది మరి. ఏ స్తంభమూ పగల్లేదు. తర్వాత వచ్చిన ఉద్యోగంలో జీతం పాతదానికన్నా తక్కువ. వీడు ఇప్పటికీ శనివారం గుడికి పోతాడు. ఎన్ని చుట్లని అడిగితే లెక్కపెట్టడం మానేశానన్నాడు.

వీణ్ని ప్రహ్లాదుడితో పోల్చి ఫొటోకి దండ వేయడం నా ఉద్దేశం కాదు. వాడు వింటే తంతాడు. ఇంటి అప్పు, అమ్మ మందులు ఉన్నవాళ్లు అదే సోమవారం ఆ కోడ్ రాసి ఉంటే వాళ్లను నేనేమీ అనలేను కూడా. కానీ వాడి ప్రశ్న పోతన ప్రశ్నే. పూజ ఒకరికి, పని ఇంకొకరికి అయితే రాజు ఎవరు?

ఉన్నాడా, లేడా?

నేను ఎక్కువ రోజులు ఆగిపోయింది ఎనిమిదో స్కంధంలో, గజేంద్రుడి దగ్గర. కథ అందరికీ తెలిసిందే. ఏనుగుల రాజు మడుగులో దిగుతాడు, మొసలి కాలు పట్టుకుంటుంది. వెయ్యేళ్లు పోరాడతాడు. తన మంద చూస్తూ నిలబడుతుంది కానీ ఎవరూ లాగలేరు. బలం అయిపోయాక మొక్కడం మొదలుపెడతాడు.

ఆ మొక్కు మొదలయ్యే తీరు చూడండి. కాపాడు అని కేక కాదు. ఈ జగత్తు ఎవరి వల్ల పుట్టింది, ఎవరిలో ఉంది, ఎవరిలో కలిసిపోతుంది, అన్నిటికీ మూలం ఎవరు అని వరసగా ప్రశ్నలు. కాలు మొసలి నోట్లో ఉంది, రక్తం కారుతోంది, ఈయన ఫిలాసఫీ మాట్లాడుతున్నాడు! కాస్త దూరం వెళ్లాక అనుమానం కూడా వస్తుంది. పేదవాళ్ల దగ్గర ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు, అసలు ఉన్నాడా లేడా అని. ఈ అనుమానం పోతన సొంతంగా చేర్చిందని చాలామంది చెబుతారు. రాజు దర్బారును కాదనుకున్న అంత పెద్ద భక్తుడు తన భక్తుడి నోట ఆ మాట పలికించాడు. తీసేయలేదు, మందలించలేదు. ఆ అనుమానం తర్వాతే గజేంద్రుడు నా ఓపిక అయిపోయింది, నువ్వు తప్ప నాకు ఇంకెవరూ తెలీదు, వచ్చి కాపాడమని అడుగుతాడు. బుర్ర వెళ్లగలిగినంత దూరం వెళ్లి, అక్కడి నుంచి మనసు అందుకుంది.

మా వాడలో పద్యాలు పాడే పెద్దాయన్ని దీని గురించే అడిగాను. దేవుడు లేడేమో అనడం తప్పు కాదా తాతా అని. చేతిలో పార పక్కన పెట్టి, ‘‘లేడనుకుంటే పిలుస్తడా బిడ్డా? పిలుస్తుండు గదా’’ అన్నాడు. మళ్లీ మడి కట్టుకోవడానికి వెళ్లిపోయాడు, నీళ్లు పక్క చేలోకి పోతున్నాయని.

ఇక పిలుపు విన్నాక వైకుంఠంలో ఏం జరిగింది? సర్వలోకాల చక్రవర్తి కదా, కాన్వాయ్ ఉండాలి. మా ఊరికి మంత్రి వస్తున్నాడంటే రెండు రోజుల ముందు నుంచే రోడ్డు ఊడుస్తారు. పోతన దేవుడేమో భార్యకు చెప్పలేదు, శంఖం చక్రం తీసుకోలేదు, గరుత్మంతుణ్ని పిలవలేదు, చేతిలో ఉన్న లక్ష్మీదేవి కొంగు కూడా వదలకుండా పరిగెత్తాడు. ఆవిడ వెనకాలే, ఎందుకో తెలీక, అడగాలా వద్దా అనుకుంటూ. ప్రోటోకాల్ మొత్తం గాల్లో కలిసిపోయింది. ఇలాంటి రాజుని ఊహించుకున్నవాడికి ఏ రాచకొండ దర్బారు మాత్రం ఆనుతుంది? పోతన ఆ రాజుల్ని కోపంతో తిట్టాడని అనుకునేవాణ్ని. పక్కన ఇంత పెద్దది పెట్టుకున్నాక అవి చిన్నవిగా కనిపించాయేమో అనిపిస్తోంది ఇప్పుడు.

అదే స్కంధంలో బలి చక్రవర్తి కూడా ఉన్నాడు. అతనిది తిరగేసిన కథ. మూడు లోకాలూ అతని చేతిలోనే. వచ్చిన పొట్టి బ్రాహ్మణుడు విష్ణువే, ఇస్తే అంతా పోతుందని గురువు శుక్రుడు ముందే చెప్పేశాడు. సమాచారం మొత్తం ఉంది. అంతా తెలిసే ఇచ్చాడు. ఇంతకుముందు రాజులు లేరా, రాజ్యాలు లేవా, పోయేటప్పుడు ఏం కట్టుకుపోయారు అని అడిగాడు గురువుని. ఇదీ లెక్కే, పోతన మొదట్లో తన కోసం వేసుకున్న లెక్కే. ఈసారి దాన్ని ఒక రాజు నోటితోనే చెప్పించాడు.

భాగవతం పన్నెండు స్కంధాలూ మనకు పోతన చేతిరాతగా మిగల్లేదు. ఐదోది గంగన, ఆరోది ఏర్చూరి సింగన, చివరి రెండూ వెలిగందల నారయ పూర్తి చేశారు. నా చదువు ఇంకా ఎనిమిది దాటలేదు.

మా చిన్నాన్న కూతురు హన్మకొండలో డిగ్రీ చదువుతోంది. నేను చదువుతున్న పద్యాలే తనూ చదువుతుంది, రాత్రి పదింటికి డౌట్లు మెసేజ్ పెడుతుంది. మొన్న గజేంద్రుడి పూర్వజన్మ దగ్గరికొచ్చాం. ఆ ఏనుగు అంతకుముందు ఇంద్రద్యుమ్నుడనే రాజు. గొప్ప విష్ణుభక్తుడు. మౌనంగా ధ్యానంలో ఉండగా శిష్యులతో అగస్త్యుడు వస్తే లేవలేదు, పలకరించలేదు. ఏనుగువై పుట్టమని ఋషి శపించాడు.

‘‘అన్నా, దేవుణ్నే కదా తలుచుకుంటున్నడు. మరి శాపమెందుకు?’’ అని అడిగింది.

నాకు తోచింది రాశాను. మనసంతా పైన పెట్టి గుమ్మంలోకి వచ్చిన మనిషిని చూడలేదు కదా, అందుకేమో అని.

రెండు బ్లూ టిక్కులు పడ్డాయి. చాలాసేపటికి రిప్లై వచ్చింది. ‘‘అయితే ఋషికి మాత్రం అంత కోపమెందుకన్నా? గది కూడా తప్పే గదా.’’

దానికి జవాబు వెతుకుతున్నాను.